ముక్కు ఎగరేసే పడవ

వేగం అందుకోగానే ఫైబర్ పడవ ముక్కు పైకీ కిందికీ గెంతుతుంటే, కొత్తపట్నం ఒడ్డున అందరి చూపూ ఇంజను మీదికే పోతుంది. ముందు ఐసు పెట్టె ముందుకు జరపండి, ఇంజను వంపును నిలిపే పిన్నును ఒక రంధ్రం లోపలికి, అంటే పడవ వైపుకి మార్చండి. తగ్గలేదా, లోపం అడుగులో ఉందేమో చూడ్డానికి పడవ తిరగేయాల్సిందే.

మేస్త్రీలు ప్లాస్టరింగుకు వాడే అల్యూమినియం పట్టీని వెనక అంచు నుంచి ముందుకు 5 అడుగులు అడుగుకి ఆనించండి. పట్టీ మధ్యలో ఆని చివర్లు ఊగితే అడుగు ఉబ్బింది, గెంతుడు అక్కడిదే. చివర్లు ఆని మధ్యలో వెలుతురు కనిపిస్తే లోపలికి వంగింది. అప్పుడు ముక్కు నీళ్లలోకి దిగబడి మలుపులో పడవ అడ్డం తిరిగిపోతుంది. 3 మిల్లీమీటర్ల తేడా చాలు, పాడు చేయడానికి. పడవను ఇసక మీద నెలల తరబడి ఒకే దుంగపై ఉంచితే వచ్చే వంపు ఇదే. దయచేసి 3 చోట్ల ఆనిక ఇవ్వండి.

రంగు గీకి, ఫైబర్ బయటపడేదాకా రుద్ది, ఎపాక్సీ పుట్టీతో పల్లం నింపాలి. ఉబ్బు ఉంటే వెనక అంచు వైపు నింపి సరళరేఖకు తేవాలి. కారు బాడీ పుట్టీ వద్దు, నీళ్లు పీల్చి ఊడొస్తుంది. రుద్దేటప్పుడు వెనక అంచు గుండ్రం కానీయకండి, పదునుగా ఉంటేనే నీరు తెగి విడిపోతుంది.