ఒక్కళ్లమే ఉన్నా బ్రేక్ బ్లీడింగ్ చేసుకోవచ్చు

చెన్నైలో కారున్న మన తెలుగోళ్లం ఏడాదికి ఒక్కసారైనా తిరుమల వెళ్తాం కదా, ఎక్కేటప్పుడు ఇంజన్ వేడెక్కుతుందేమో అని అందరూ కంగారు పడతారు గానీ నా దిగులంతా దిగేటప్పుడే. దిగేది 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు, సెకండ్ గేర్‌లో దిగినా మలుపు మలుపుకీ బ్రేక్ తొక్కాల్సిందే, ఆ వేడికి పాత బ్రేక్ ఆయిల్‌లో చేరిన నీళ్లు మరిగి ఆవిరైతే పెడల్ మెత్తగా కిందికి పోతుంది. ఆయిల్ నొక్కినా అణగదు, ఆవిరి అణిగిపోతుంది, అదీ సంగతి. ఆ పాత ఆయిల్‌నీ, లోపలున్న గాలినీ బయటికి తోసేసి కొత్త ఆయిల్ నింపడమే బ్రేక్ బ్లీడింగ్.

బ్రేక్ ఆయిల్ వానాకాలంలో మూత తీసి పెట్టిన ఉప్పులాంటిది, చెమ్మంతా లాగేస్తుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, అదే 3.7 శాతం నీళ్లు చేరాక ఆ హద్దు 155కి దిగొచ్చు. అందుకే మామూలుగా రెండేళ్లకోసారి మార్చమంటారు, చెన్నై గాలికి నేనైతే అస్సలు వాయిదా వెయ్యను.

లోపల కూర్చుని పెడల్ తొక్కేవాళ్లు లేరని చాలామంది ఈ పని ఆపేస్తారు, కానీ కావాల్సింది అక్వేరియం షాపులో దొరికే సన్నటి క్లియర్ ట్యూబ్, ఒక బాటిల్, నిపుల్‌కి (చక్రం దగ్గర బ్రేక్ మీదుండే, ఆయిల్ బయటికి వదిలే చిన్న స్క్రూ) పట్టే రింగ్ స్పానర్, సీలు తియ్యని చిన్న బ్రేక్ ఆయిల్ డబ్బాలు. పెద్ద డబ్బా కొంటే మిగిలింది చెమ్మ పట్టి పాడవుతుంది.

చదునైన చోట బండి పెట్టి, నేల మీదున్న చక్రాలకి అడ్డు పెట్టి, స్టాండ్ల మీద నిలబెట్టాకే చక్రం విప్పండి, ఉత్త జాకీని మాత్రం అస్సలు నమ్మొద్దు. మన కార్లలో మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసే పంపు, కుడివైపు ఉంటుంది కాబట్టి మామూలుగా దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెడతారు, మీ మాన్యువల్‌లో వేరే వరస ఉంటే మాత్రం దాన్నే పాటించండి.

అసలు కిటుకంతా ట్యూబ్‌లోనే ఉంది. బాటిల్లో ముందే కాస్త కొత్త ఆయిల్ పోసి ట్యూబ్ చివర అందులో మునిగేలా పెట్టాలి, ట్యూబ్ నిపుల్ నుంచి ముందు పైకి లేచి తర్వాత బాటిల్లోకి దిగాలి. నిపుల్ పావు చుట్టు వదులు చేసి, వెళ్లి పెడల్ మెల్లగా తొక్కి మెల్లగా వదలండి, వదిలినప్పుడు ట్యూబ్‌లోంచి వెనక్కొచ్చేది ఆయిలే గానీ గాలి కాదు, అందుకే రెండో మనిషి అక్కర్లేదు. పాత బండి అయితే పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టండి, ఎందుకంటే పూర్తిగా కిందిదాకా తొక్కితే మాస్టర్ సిలిండర్ లోపల ఎప్పుడూ వాడని చోట తుప్పు సీలుని చీల్చెయ్యొచ్చు. నాలుగైదు తొక్కులకోసారి బానెట్ కింద బ్రేక్ ఆయిల్ ఉండే డబ్బా (రిజర్వాయర్) చూసి నింపుతూ ఉండండి, అది ఖాళీ అయి ఏబీఎస్ యూనిట్‌లోకి (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) గాలి దూరిందంటే కొన్ని బండ్లకి కంప్యూటర్ స్కానర్ పెట్టి తీయించుకోవాల్సిందే.

బుడగలు ఆగి లేత రంగు ఆయిల్ వస్తే నిపుల్ బిగించెయ్యండి, మరీ గట్టిగా తిప్పితే విరుగుద్ది. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లు కొట్టండి. నాలుగూ అయ్యాక ఇంజన్ ఆపి తొక్కితే పెడల్ గట్టిగా నిలబడాలి, స్టార్ట్ చేస్తే కొంచెం దిగి అక్కడే ఆగాలి. ఇంకా మెత్తగా ఉంటే మళ్లీ మొదట్నుంచి చెయ్యండి, అప్పటిదాకా బండి గేటు దాటకూడదు.