లిస్టులో పేరున్నంత మాత్రాన ఆ డాక్టర్ దొరికినట్టు కాదు

అమెరికాలో ఇన్సూరెన్స్ వెబ్‌సైట్ తెరిచి ‘న్యూరాలజీ’ అని కొడితే పేజీల కొద్దీ పేర్లు వస్తాయి. ఫోన్లు చేయడం మొదలుపెట్టాక తెలుస్తుంది అసలు సంగతి. ఒకాయన రిటైరయ్యారు, ఒకావిడ వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయారు, ఇంకొకరు కొత్త పేషెంట్లను తీసుకోవడం లేదు, మరో నంబరు అసలు పనిచేయదు. దీన్నే గోస్ట్ నెట్‌వర్క్ అంటారు. మానసిక వైద్యంలో మరీ ఘోరం. 2023లో సెనేట్ ఫైనాన్స్ కమిటీ సిబ్బంది మెడికేర్ అడ్వాంటేజ్ (ప్రధానంగా వృద్ధులకు ప్రైవేటు కంపెనీల ద్వారా వచ్చే ప్రభుత్వ బీమా) ప్లాన్ల లిస్టుల్లోంచి 120 మానసిక వైద్యుల పేర్లు తీసుకుని ఫోన్లు చేస్తే, అపాయింట్‌మెంట్ దొరికింది 18 శాతానికే. జబ్బుతో ఉన్న మనిషి చేత ఇన్ని ఫోన్లు చేయించడం అన్యాయం. అయినా ప్రస్తుతానికి దారి ఇదే కాబట్టి, సరిగ్గా ఏం అడగాలో తెలిసుండాలి.

చాలామంది క్లినిక్‌కి ఫోన్ చేసి, ‘మీరు ఫలానా ఇన్సూరెన్స్ తీసుకుంటారా?’ అని అడుగుతారు. ముందు డెస్కులో ఉన్నవాళ్ళు తీసుకుంటామనే అంటారు. ఆ మాటకు ‘బిల్లు మీ కంపెనీకి పంపుతాం’ అని మాత్రమే అర్థం, ఇన్ నెట్‌వర్క్ (మీ ప్లాన్‌తో ధరల ఒప్పందం ఉన్నవాళ్ళు) అని కాదు. ఒకే కంపెనీకి బోలెడు నెట్‌వర్కులుంటాయి. పైగా కాంట్రాక్టు చాలాసార్లు డాక్టర్ పనిచేసే గ్రూపు టాక్స్ ఐడీ (పన్నుల కోసం ఆ గ్రూపుకిచ్చిన నంబరు) మీద ఉంటుంది. అందుకే సోమవారం ఒక క్లినిక్‌లో ఇన్ నెట్‌వర్క్‌గా ఉన్న డాక్టరే గురువారం ఇంకో క్లినిక్‌లో అవుట్ ఆఫ్ నెట్‌వర్క్ కావచ్చు.

కాబట్టి కార్డు చేతిలో పెట్టుకుని, దాని మీద రాసున్న ప్లాన్ పేరు, నెట్‌వర్క్ పేరు క్లినిక్‌వాళ్ళకు చదివి వినిపించండి. డాక్టర్ ఎన్‌పీఐ (డాక్టర్‌కుండే పది అంకెల గుర్తింపు నంబరు), గ్రూపు టాక్స్ ఐడీ, మిమ్మల్ని చూసే క్లినిక్ అడ్రస్ అడిగి రాసుకోండి. తర్వాత కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేసి, ఆ మూడూ చెప్పి ఇన్ నెట్‌వర్క్ అవునో కాదో కనుక్కోండి. మాట్లాడినవారి పేరు, తేదీ, కాల్ రిఫరెన్స్ నంబరు తప్పకుండా తీసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీ పోర్టల్‌లో మెసేజ్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకుంటే ఇంకా మంచిది. లిస్టులో డాక్టర్ పేరున్న పేజీని తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి.

ఆ స్క్రీన్‌షాట్‌కు చట్టబలం ఉంది. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం ప్రకారం కంపెనీలు కనీసం 90 రోజులకోసారి లిస్టు సరిచూసుకోవాలి. డాక్టర్ నెట్‌వర్క్‌లో ఉన్నారా అని ఫోన్లో అడిగితే ఒక పనిదినంలో చెప్పాలి. వాళ్ళిచ్చిన తప్పు సమాచారం నమ్మి మీరు వెళ్తే, ఇన్ నెట్‌వర్క్ లెక్కన పడే కో-పే (విజిట్‌కు మీరు కట్టే వాటా), డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలయ్యేలోపు మీరు పెట్టుకోవాల్సిన మొత్తం) కంటే ఎక్కువ మీ మీద వేయకూడదు. ఈ విషయం తెలియక పూర్తి బిల్లు కట్టేసేవాళ్ళున్నారు, అందుకే నొక్కి చెబుతున్నాను.

హెచ్‌ఎంవో (సాధారణంగా నెట్‌వర్క్‌లోని డాక్టర్లకే పరిమితమయ్యే రకం) ప్లానైతే ముందు ప్రైమరీ కేర్ డాక్టర్ (మామూలుగా మొదట చూపించుకునే డాక్టర్) రిఫరల్, అంటే స్పెషలిస్టు దగ్గరికి పంపే చీటీ, సాధారణంగా కావాలి. పీపీవోకి (బయటి డాక్టర్ల దగ్గరికీ ఎక్కువ ఖర్చుతో వెళ్ళనిచ్చే రకం) సాధారణంగా అక్కర్లేదు, కానీ కొన్ని స్పెషలిస్టు క్లినిక్‌లు వాళ్ళంతట వాళ్ళే అడుగుతాయి. రిఫరల్ మీద ఎన్ని విజిట్లు, ఏ తేదీ దాకా అన్నది చూసుకోండి. ఇప్పటికీ ఇవి చాలాచోట్ల ఫ్యాక్స్‌లోనే వెళ్తాయి, అక్కడే పోతాయి కూడా. పంపామన్న రెండు మూడు రోజులకు స్పెషలిస్టు ఆఫీసుకు మీరే ఫోన్ చేసి అందిందో లేదో అడగండి. రిఫరల్ వేరు, ప్రయర్ ఆథరైజేషన్ (కంపెనీ ముందస్తు అనుమతి) వేరు. రిఫరల్ డాక్టర్ని చూడటానికి. ఎమ్మారై లాంటి పరీక్షకు కంపెనీ అనుమతి విడిగా రావాల్సి ఉండొచ్చు.

అపాయింట్‌మెంట్ ఖాయం చేసేముందు ఇంకో రెండు సంగతులు. న్యూరాలజిస్టులందరూ మూర్ఛ చూడరు, గ్యాస్ట్రో డాక్టర్లందరూ లివర్ జబ్బులు చూడరు, కాబట్టి మీ సమస్య పేరు చెప్పి చూస్తారా అని అడగండి. హాస్పిటల్ సొంత క్లినిక్ అయితే ఫెసిలిటీ ఫీజు (డాక్టర్ ఫీజు కాక హాస్పిటల్ వేసే ఛార్జీ) విడిగా పడుతుందా అని కూడా అడగండి. తేదీ నెలల తర్వాత ఇస్తే తీసుకుని, క్యాన్సిలేషన్ లిస్టులో పేరు రాయించండి. సమస్య తొందరదైతే ప్రైమరీ కేర్ డాక్టర్ని నేరుగా ఆ స్పెషలిస్టుతో మాట్లాడమని అడగడంలో మొహమాటం వద్దు.

తగిన దూరంలో ఎవరూ దొరక్కపోతే నెట్‌వర్క్ గ్యాప్ ఎక్సెప్షన్ (బయటి డాక్టర్‌కూ ఇన్ నెట్‌వర్క్ లెక్కే వేయమనే మినహాయింపు) ఇన్సూరెన్స్ కంపెనీని అడగండి, విజిట్‌కు ముందే. ఎవరికి, ఏ తేదీన ఫోన్ చేశారు, ఏమన్నారు అన్న పట్టిక, ప్రైమరీ కేర్ డాక్టర్ లెటర్ జతచేయండి. ఒప్పుకుంటే అవుట్ ఆఫ్ నెట్‌వర్క్ డాక్టర్‌తో సింగిల్ కేస్ అగ్రిమెంట్ (మీ ఒక్క కేసుకే ధర ఖాయం చేసే ఒప్పందం) చేసుకోమనండి. లేకపోతే కంపెనీ ఇవ్వగా మిగిలిన తేడాను ఆ డాక్టర్ మీకే బిల్లు చేయొచ్చు.

కాదంటే ఆ నిరాకరణను కాగితం మీద తీసుకోండి. అప్పీలు చేయడానికి మామూలుగా 180 రోజుల గడువుంటుంది. ప్రాణం మీదికొచ్చే అత్యవసరమైతే 72 గంటల్లోపే తేల్చాలి. ఫిర్యాదు ఎక్కడికన్నది మీ ప్లాన్‌ను బట్టి మారుతుంది. వైద్యం ఖర్చు మీరు ఉద్యోగం చేసే ప్రైవేటు సంస్థే భరించే సెల్ఫ్ ఫండెడ్ ప్లానైతే ఫెడరల్ లేబర్ డిపార్ట్‌మెంట్‌కి, ఇన్సూరెన్స్ కంపెనీ భరించేదైతే మీ రాష్ట్ర ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్‌కి. కార్డు చూస్తే ఇది చాలాసార్లు తెలియదు, మీ ఆఫీసు హెచ్‌ఆర్‌ని అడగాలి.