ఆల్బర్టోవ్ నుంచి నారోద్నీ దాకా

ప్రాగ్ వెళ్లినవాళ్లంతా చార్లెస్ వంతెన, పాత గడియారం చూసొస్తారు. నేను మాత్రం చెకోస్లొవేకియాలో కమ్యూనిస్టు పాలనను కూల్చిన ఉద్యమం మొదలైన రోజున, 1989 నవంబర్ 17న, విద్యార్థులు నడిచిన దారిలో నడవాలనే వెళ్లాను.

చార్లెస్ విశ్వవిద్యాలయ భవనాలుండే ఆల్బర్టోవ్‌లో మొదలుపెట్టాను. ఆనాటి సభకు ప్రభుత్వ అనుమతి ఉంది. దేశాన్ని ఆక్రమించిన నాజీల కాల్పుల్లో పోయిన వైద్య విద్యార్థి యాన్ ఒప్లెతాల్‌ను, 1939లో అదే తేదీన మూతపడ్డ చెక్ విశ్వవిద్యాలయాలను తలుచుకునే సభ అది. కాదంటే, నాజీ వ్యతిరేకులమని చెప్పుకునే పాలక కమ్యూనిస్టులకే పరువు తక్కువ. కానీ పిల్లలు నాజీల దగ్గరే ఆగలేదు, స్వేచ్ఛ కావాలన్నారు.

విషెహ్రాడ్ గుట్ట మీద కార్యక్రమం ముగిసింది. ఇళ్లకు వెళ్లాల్సినవాళ్లు వల్టావా నది ఒడ్డుకు దిగి నగరం నడిబొడ్డుకు మళ్లారు. నేషనల్ థియేటర్ మూల తిరిగితే నారోద్నీ వీధి. పోలీసులు ముందూ వెనకా దారి మూసేశారు. పిల్లలు రోడ్డు మీద కూర్చుని కొవ్వొత్తులు వెలిగించారు, డాళ్లు పట్టుకున్నవాళ్లకు పూలిచ్చారు, "మా చేతుల్లో ఏమీ లేదు" అని అరిచారు. తర్వాత లాఠీలు. ఒక ఇరుకు నడవలోంచి తోస్తూ కొట్టారు. ఆ నడవ గోడకు ఇప్పుడు ఆనాటి గుర్తుగా కంచు చేతులున్నాయి. కొన్ని అరచేతులు తెరిచి ఉన్నాయి, కొన్ని రెండు వేళ్లు చాచి ఉన్నాయి. వాటిని తాకకుండా ముందుకు కదల్లేకపోయాను.

మర్నాటి నుంచే విద్యార్థులు, నటులు సమ్మెకు దిగారు. నవంబర్ 27న దేశమంతా రెండు గంటలు పని ఆపింది. డిసెంబర్ 29న, ఆ ప్రభుత్వాన్ని ఎదిరించి జైలుకెళ్లిన నాటక రచయిత వాక్లావ్ హావెల్ దేశాధ్యక్షుడయ్యాడు.

ఇదంతా ఆరు వారాల్లో జరిగిపోయిందంటే నేనొప్పుకోను. 1968లో దేశంలో మొదలైన సంస్కరణలను అణచడానికి సోవియట్ ట్యాంకులు వచ్చాక, 1969 జనవరి 16న యాన్ పాలహ్ అనే 20 ఏళ్ల విద్యార్థి నేషనల్ మ్యూజియం ముందు ఒంటికి నిప్పంటించుకున్నాడు. సెన్సార్‌షిప్ ఎత్తేయాలన్నది అతను అడిగినవాటిలో ఒకటి. అతని 20వ వర్ధంతికి చేరిన జనం మీద నీటి ఫిరంగులు వదిలారు.

ఓల్షానీ శ్మశానంలో అతని సమాధి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. జనం పూలు పెడుతున్నారని 1973లో రహస్య పోలీసులు అతని శవాన్ని తవ్వి తీసి, దహనం చేసి, ఆ చోట ఎవరో ముసలావిడను పాతిపెట్టారు. అతని తల్లికి ఇంత అన్యాయమా! చితాభస్మం 1990లో గానీ అక్కడికి తిరిగి రాలేదు. ప్రాగ్ వెళ్తే ఇక్కడికీ వెళ్లండి. మెట్రోలో ఫ్లోరా స్టేషన్‌లో దిగి నడిచిపోవచ్చు.