నాలుగింటికి నీరు తీస్తుంది

"నీల్‌లో రాత్రి ఉండడం ఎందుకండీ, పొద్దున దిగి మధ్యాహ్నం పడవెక్కేయొచ్చు" అన్నాడు మాకు ప్యాకేజీ కుదిర్చిన అబ్బాయి. హేవ్‌లాక్, నీల్ రెండూ అండమాన్‌లో దీవులు. నేను నమ్మి హేవ్‌లాక్‌లో రెండు రాత్రులు, నీల్‌లో ఒక పూట అని డబ్బు కట్టేశాను. ఎవరైనా అండమాన్ వెళ్తున్నామని చెబితే ఇప్పటికీ ముందు ఆ మాటే గుర్తొచ్చి కోపం వస్తుంది.

నాన్నని తీసుకెళ్లాను. మాది అంతర్వేది దగ్గర ఊరు. ఆయనకి అరవై తొమ్మిదేళ్లు, ఇప్పటికీ కొబ్బరితోట పని తనే చూసుకుంటారు. "కొబ్బరిచెట్లూ సముద్రమూ చూడ్డానికి విమానం ఎక్కాలా అమ్మా? గట్టెక్కితే కనపడతాయి కదా" అన్నారు. చివరికి ఒప్పుకున్నా, అంతర్వేది రథం లాగాకే కదులుతానన్నారు. భీష్మ ఏకాదశికి రథం, మర్నాడు మా ప్రయాణం. అలా మేం అండమాన్‌లో ఉన్న రోజులు మాఘ పౌర్ణమి చుట్టూ పడ్డాయి. టికెట్లు తీసేటప్పుడు తిథి సంగతి నాకు తట్టనే లేదు.

చెన్నైలో విమానం ఎక్కి పోర్ట్ బ్లెయిర్‌లో దిగి, ఆ మధ్యాహ్నమే హేవ్‌లాక్ పడవ ఎక్కాం. 2024లో పోర్ట్ బ్లెయిర్‌కి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అంతకుముందే, 2018లో, హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్ అయ్యాయి. 1943 డిసెంబర్ 30న నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేసి డెబ్బై అయిదేళ్లు నిండిన రోజున ఆ పేర్లు పెట్టారు. 1857 తిరుగుబాటుని అణిచిన ఇద్దరు ఇంగ్లీషు సైనికాధికారుల పేర్లు పోవడం నాకు సంతోషమే. కానీ ఆటోవాళ్లూ హోటలువాళ్లూ అందరూ పాత పేర్లతోనే పిలుస్తున్నారు, కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను.

హేవ్‌లాక్ గురించి చెడుగా చెప్పను. సాయంత్రం రాధానగర్ బీచ్‌కి వెళ్లాం. వెనక ఆకాశాన్నంటే చెట్లు, ముందు పిండి జల్లించినట్టు తెల్లటి ఇసుక, రాయి అన్నది లేని లోతు తక్కువ నీళ్లు. 2004లో టైమ్ పత్రిక దీన్ని ఆసియాలోకెల్లా మంచి బీచ్ అందని ప్రతి హోటల్లోనూ చెబుతారు. చూశాక ఆ మాట తప్పనిపించలేదు. మా అంతర్వేదిలో ఇసుక బూడిదరంగు, గోదావరి మట్టి కలిసి నీళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. మోకాళ్ల లోతులో నిలబడి తన పాదాలు తనకి కనిపిస్తుంటే నాన్న చాలాసేపు వంగి చూస్తూ ఉండిపోయారు. అయిదున్నరకల్లా పొద్దు గుంకింది. అంత తూర్పున ఉండి కూడా మన గడియారమే కాబట్టి అక్కడ చీకటి తొందరగా పడుతుంది. గార్డులు ఈలలు వేసి అందర్నీ నీళ్లలోంచి బయటికి పంపేశారు.

కొబ్బరిబొండం డెబ్బై రూపాయలన్నప్పుడు మాత్రం నాన్న మొహం మారిపోయింది. దింపు తీయించి, ఒలిపించి, లారీకెక్కించాక మా చేతికి కాయకి ఎంత మిగులుతుందో నాకూ తెలుసు. ఆయన తాగనన్నారు. నేనూ తాగలేదు.

రెండో రోజు గురించి రాయడానికి పెద్దగా ఏం లేదు. ఎలిఫెంట్ బీచ్‌కి బోటు, అక్కడ స్నార్కెలింగ్, ప్రతిదానికీ విడిగా డబ్బు, ఎండ.

పౌర్ణమి రోజు పొద్దున్నే నీల్‌కి బయల్దేరాం. ప్రైవేటు పడవలో ఏసీ, విమానంలో లాంటి సీట్లు, మూసేసిన అద్దాలు. గంట ప్రయాణానికి ఇద్దరికీ కలిపి రెండువేల పైనే అయింది. సర్కారు పడవ చాలా చవక, డెక్ మీద నిలబడి గాలి కూడా పీల్చుకోవచ్చు, కానీ టికెట్లు దొరకలేదు. నాన్నకి అద్దాల్లోంచి సముద్రం చూడడం అస్సలు నచ్చలేదు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం దాటేటప్పుడు ఆయన ఎప్పుడూ అంచునే నిలబడతారు, నీటి నడక చూడడానికి.

నీల్ చిన్న దీవి. హేవ్‌లాక్ తొంభై చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఉంటే ఇది పద్నాలుగే. విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లు ఇక్కడ పొలాలు చేసుకున్నారు. ఊళ్లకి రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్ అని పేర్లు. అండమాన్ కూరగాయల బుట్ట అని ఈ దీవికి పేరు. జెట్టీ దాటగానే మలుపులో వంకాయలూ సొరకాయలూ గుట్టలు పోసి ఉన్నాయి. ఆటో ఎక్కాక నాన్న మొదటిసారి నన్ను అడక్కుండా తనే ఏవో చూపించడం మొదలెట్టారు. అదిగో అరటి, అదిగో పోకతోట, అదిగో పచ్చిరొట్ట వేశారు అంటూ.

ఆటో అతను తిన్నగా లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌కి తీసుకెళ్లాడు. సముద్రం పగడపు రాతిని తొలిచేసి వంతెనలా నిలబెట్టిన చోటది. బెంగాలీలు దాన్ని హౌరా బ్రిడ్జి అనేవాళ్లట. నీల్ పోస్టర్లన్నిటి మీదా ఉండేది అదే. అప్పటికి పదిన్నర. మాతోపాటు పడవ దిగిన వందమందీ అక్కడే ఉన్నారు. ఎవరికీ దారి లేదు. నీళ్లు బండల మీదికి వచ్చేసి నడిచే చోటు లేకుండా చేశాయి. దూరంగా ఒక మూల కనిపిస్తే దాంతోనే ఫొటోలు తీసుకుంటున్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత ఖర్చు, ఇంత దూరం, ఆ మనిషిని ఒప్పించి తీసుకొస్తే చివరికి ఇదా?

నాన్న నీళ్ల దగ్గరికి వెళ్లి, బండ మీద తడి గీత ఎంతవరకుందో చూసి వెనక్కి వచ్చారు. "నిండు పోటమ్మా ఇది. పున్నం కదా, మనూళ్లోనూ ఈపాటికి పోటే. నాలుగింటికి నీరు తీస్తుంది, అప్పుడు రావాలి."

"మూడింటికి మన పడవ నాన్నా."

"అయితే మానేద్దాం."

టికెట్ డబ్బు వెనక్కి రాదని చెప్పాను. పోర్ట్ బ్లెయిర్‌లో గదికి కూడా డబ్బు కట్టేశానని చెప్పాను. ఆయన నా మొహంలోకి చూసి, "చూడాలనే కదమ్మా వచ్చావు" అన్నారు. అంతే. నేను ఆటో అతనికి నాలుగింటికి మళ్లీ రమ్మని చెప్పి, పడవవాళ్లకి ఫోన్ చేసి టికెట్లు వదిలేసుకున్నాను. మూడువేలకి పైగా పోయింది. అందుకు నేను ఇప్పటికీ బాధపడడం లేదు.

దగ్గర్లో రేకుల కప్పు లాడ్జిలో పదిహేను వందలకి గది దొరికింది. భోజనం బజార్లోని చిన్న బెంగాలీ హోటల్లో. అన్నం, పప్పు, వంకాయ వేపుడు, చేప పులుసు. ఆవనూనె వాసనకి భయపడుతూ కూర్చున్న నాన్న రెండోసారి అన్నం అడిగారు.

తిరిగి వస్తుంటే దారి పక్క తోటలో ఒక కొబ్బరిచెట్టు దగ్గర ఆగిపోయారు. కొత్తగా విచ్చిన ఆకు కత్తెరతో కోసినట్టు ఉంది. "కొమ్ము పురుగు" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు నేను ఎరిగిందే. 1996 నవంబర్ తుఫానుకి మా తోట పడిపోయాక కొత్తగా వేసిన మొక్కల మొవ్వులు ఆ పురుగు తినేస్తుంటే, పొద్దున్నే ఇనప ఊచ పట్టుకుని ఒక్కో చెట్టుకీ తిరిగేవారు. చిన్నపిల్లని, వెనకాల సీసా పట్టుకుని నేను. లాగిన పురుగుల్ని అందులో వేసేదాన్ని.

ఆ తోట రైతు మమ్మల్ని చూసి బయటికి వచ్చాడు. నాన్న వయసే ఉంటుంది. నాన్నకి హిందీ రాదు, ఆయనకి తెలుగు రాదు. నాన్న ఆకు చూపించారు. ఆయన తలూపి "పోకా, పోకా" అన్నాడు. నాన్న కంగారుపడి, కంచె పక్కనున్న పోకచెట్లు చూపిస్తూ "అది పోకండీ, ఇది కొబ్బరి" అన్నారు. ఆయన పోకచెట్ల కేసి చూసి, మళ్లీ ఆకు చూపించి ఇంకా గట్టిగా "పోకా" అన్నాడు. ఇద్దరూ అలా ఒకరికొకరు నచ్చజెప్పుకుంటున్నారు. నేను హిందీలో అడిగితే తెలిసింది, బెంగాలీలో పురుగుని పోకా అంటారట. మన పోక వాళ్లకి సుపారీ. చెప్పగానే ఇద్దరూ చేతులు పట్టుకుని నవ్వారు. మా నాన్న అలా నవ్వడం అమ్మ పోయిన తర్వాత నేను చూడలేదు.

ఇక నా హిందీతో పని లేకపోయింది. నాన్న నేల మీంచి ఇసుక తీసి, వేపపిండి అనడానికి వేపాకు కోసం వెతికి, దొరక్కపోతే చేతులతోనే చూపించి, రెండూ కలిపి మొవ్వు చుట్టూ ఆకుల మొదళ్లలో వేయాలని చెప్పారు. ఆయన ఇంట్లోంచి ఇనప కొక్కెం తెచ్చి చూపించాడు. అచ్చం మా ఇంట్లో ఉన్నదే. తన తండ్రి ఓడలో వచ్చినప్పుడు ఇదంతా అడవేనని, చెట్లు కొట్టి పొలం చేశారని నాకు హిందీలో చెప్పాడు. బయల్దేరుతుంటే రెండు బొండాలు దింపి కొట్టిచ్చాడు. డబ్బు తీసుకోలేదు. నాన్న రెండు చేతులతో పట్టుకుని తాగారు.

నాలుగింటికి బండల దగ్గరికి వెళ్తే పొద్దున చూసిన చోటేనా అనిపించింది. నీరు ఎంతో దూరం వెళ్లిపోయింది. బయటపడిన పగడపు బండల మధ్య చిన్న చిన్న మడుగులు, వాటిలో నీలం రంగు చేపపిల్లలు, నల్లగా పడుకున్న సముద్ర దోసకాయలు, పాదం దగ్గరికి పెడితే పెదాలు మూసుకునే ఆల్చిప్పలు. నాచు మీద కాలు జారుతుందేమోనని నాకు టెన్షన్. ఆయన మాత్రం చేలగట్టు మీద నడిచినట్టే నడిచారు. వంతెన కింద నిలబడ్డాం. మాతో కలిపి పదిమంది ఉన్నారేమో. పొద్దున వచ్చిన వందమందీ ఆ వేళకి పడవలో ఉన్నారు, నీల్‌లో ఏమీ లేదనుకుంటూ.

చచ్చిన పగడం ముక్క ఒకటి తీయబోతే ఆటో అతను వద్దన్నాడు. నేరమట, విమానాశ్రయంలో సామాను చూస్తారట. తీసిన చోటే పెట్టేశాను.

రాత్రి కరెంటు పోయింది. వెన్నెల్లో లాడ్జి మెట్ల మీద కూర్చుంటే పోటు తిరిగి వస్తున్న చప్పుడు వినిపించింది. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర సముద్రం, గోదావరి కలిసే చోట కూడా రాత్రిళ్లు ఇలాగే వినపడుతుందని నాన్న అన్నారు. నేను అక్కడ రాత్రి ఎప్పుడూ ఉండలేదు. ఇరవై ఏళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నాను. వచ్చే తీర్థానికి వచ్చి ఉంటానన్నాను.

మర్నాడు సర్కారు పడవలో చోటు దొరికింది. డెక్ మీద నిలబడి వచ్చాం. పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ వైపు నడుస్తుంటే చేపలు అమ్మే ఆవిడ "ఏ ఊరండి మీది?" అని తెలుగులో పలకరించింది. వాళ్ల తాతలది శ్రీకాకుళం.

మొన్న పిన్ని కూతురు ఫోన్ చేసింది, డిసెంబర్లో వెళ్తున్నాం అక్కా, హేవ్‌లాకా నీలా అని. క్యాలెండర్ తీసి చూశాను. వాళ్ల తేదీలు అష్టమి, నవమి చుట్టూ ఉన్నాయి. ఆ రోజుల్లో నీరు మేం చూసినంత దూరం తీయదు, వేళలు కూడా వేరేగా ఉంటాయి. రాధానగర్‌కి ఒక్క సాయంత్రం చాలు, నీల్‌లో రెండు రాత్రులు పెట్టుకో, పాటు, అంటే నీరు తీసేది, ఏ వేళకో లాడ్జివాళ్లని ముందే అడుగు అని చెప్పాను. పక్క గదిలోంచి నాన్న, ఆ తోట దారి కూడా చెప్పమన్నారు.