రెక్క అంచు కనిపించేలా తీయండి

బెంగళూరులో మామిడికాయలు బండ్ల మీదికి వచ్చాయంటే నా వాట్సాప్‌లో ఈగల ఫొటోలు మొదలవుతాయి. శ్రీనివాసపురం తోటల నుంచి మావాళ్లు, యలహంకలో మేడ మీద కుండీలో జామచెట్టు పెంచుకునే స్నేహితులు, అందరిదీ ఒకటే ప్రశ్న: ఇది ఏ ఈగ? ఫొటోలు బాగానే ఉంటాయి, వెనకంతా బ్లర్ చేసి, ఈగ వీపు మాత్రం తళతళలాడిస్తూ. పేరు చెప్పడానికే పనికిరావు.

జామ, మామిడి మీద మనకు కనిపించే పండు ఈగల్లో బాక్ట్రోసెరా డోర్సాలిస్, బాక్ట్రోసెరా జొనాటా, బాక్ట్రోసెరా కరెక్టా పైనుంచి చూస్తే అక్కచెల్లెళ్లలా ఉంటాయి. తేడా రెక్కలో ఉంది. డోర్సాలిస్‌కి రెక్క ముందంచు వెంబడి సన్నటి ముదురు గీత తెగకుండా కొస దాకా పోతుంది, మిగతా రెండింటికీ అది మధ్యలోనే ఆగిపోయి కొసన విడిగా ఒక మచ్చ ఉంటుంది. ఇక ఆ రెండింటిలో ఏది ఏదో తేల్చాలంటే ముఖం చూడాల్సిందే. జొనాటా ముఖం మీద రెండు నల్ల చుక్కలు దూరదూరంగా ఉంటాయి, కరెక్టాకి అవి కలిసిపోయి అడ్డపట్టీలా కనిపిస్తాయి. జొనాటా ఒళ్లు ఎరుపు కలిసిన గోధుమ రంగు, కరెక్టా వీపు నలుపు అంటారు, నిజమే, కానీ రంగును నేను చివరికే చూస్తాను. ప్యూపా (పురుగు ఈగగా మారే గూడు దశ) నుంచి అప్పుడే బయటికొచ్చిన ఈగ పాలిపోయి ఉంటుంది, పైగా మన ఫోన్లు వాటికి నచ్చిన రంగు అవి వేసేస్తాయి.

గీత పూర్తిగా ఉంది కదా, డోర్సాలిస్ అని రాసేద్దామంటే అదీ కుదరదు. దక్షిణాదిలో కారియే అని ఇంకొకటుంది, దాని తొడల మీద ముదురు మచ్చలుంటాయి, డోర్సాలిస్ తొడలు శుభ్రంగా ఉంటాయి. అంటే కాళ్లు కూడా ఫొటోలో పడాలి. ఇలా డోర్సాలిస్‌ని పోలిన ఈగలన్నిటినీ కలిపి డోర్సాలిస్ గుంపు అంటారు, అది పెద్ద తలనొప్పి. 2003లో కెన్యాలో దొరికిన ఈగకి 2005లో ఇన్వాడెన్స్ అని కొత్త పేరు పెట్టారు, డీఎన్ఏ చూసి, జత కట్టించి చూసి, 2015లో అదీ డోర్సాలిసే అని తేల్చారు. అందుకే కాళ్లు కనిపించని ఫొటోకి నేను "డోర్సాలిస్ గుంపు" అని రాసి ఆపేస్తాను. ఫొటో చూసి పేరు చెప్పే యాప్ తడుముకోకుండా జాతి పేరు చెప్పేసినా సరే.

మంచి ఫొటో కావాలంటే పొద్దున్నే, ఎండ ఎక్కకముందు తీయండి, అప్పుడు ఈగ మందకొడిగా ఉంటుంది. దొరికితే గాజు గ్లాసు బోర్లించి, కింద అట్ట పెట్టి, కాసేపు ఫ్రిజ్‌లో ఉంచండి (ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి). పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ముఖానికి ఎదురుగా ఒకటి చాలు. ఏ చెట్టు మీద, ఏ ఎరకి వచ్చిందో కూడా రాయండి, ఎందుకంటే అది ఏ కెమెరాలోనూ పడదు.

మా బాబాయ్ అయితే "పేరుతో పనేముందిరా, బుట్ట కట్టాలా వద్దా చెప్పు" అంటాడు. బుట్ట అంటే ఎర పెట్టి ఈగల్ని పట్టేది. మామిడి వరకు ఆయన మాట కొట్టెయ్యలేను. పైన చెప్పిన నాలుగింట్లో మగ ఈగలు మిథైల్ యూజినాల్ అనే వాసన ఎరకే వస్తాయి, ఏదైనా అదే బుట్ట. కానీ ఆయన పెరట్లో కాకర పాదు కూడా ఉంది. దాని మీద వాలేది జ్యూగోడాకస్ కుకుర్బిటే, వీపు మధ్యలో మూడో పసుపు చార ఉంటుంది, ఎంత చెడ్డ ఫొటోలోనైనా దొరికిపోతుంది. దాని మగవాటికి మిథైల్ యూజినాల్ పట్టదు, క్యూ లూర్ అనే వేరే ఎర కావాలి. మామిడి చెట్టుకి కట్టిన బుట్టే కాకర పందిరికీ కట్టి, ఈగలు పడట్లేదని మొన్న నాకు ఫోన్ చేశాడు.