గడ్డికి కౌలు

డల్లాస్‌లో తెల్లవారకముందే బయలుదేరినా అమరిల్లో దాటేసరికి మధ్యాహ్నమైంది. అక్కణ్నుంచి ఉత్తరానికి తిరిగాక చెట్టన్నది కనబడలేదు. పక్క సీట్లో నాన్న అద్దం దించి, "మన కళ్యాణదుర్గం తట్టు ఉన్నట్టుంది గదరా" అన్నాడు.

పోతున్నది కాన్సస్ నైరుతి మూలనున్న ఎల్క్‌హార్ట్‌కు. నాతో పనిచేసే మిత్రుడి పెదనాన్నకు అక్కడ పొలముంది. నలభై ఏళ్లు అనంతపురం ఎర్రనేలలో శెనక్కాయ వేసిన మనిషికి అమెరికా అంటూ మాల్స్ చూపించి పంపడానికి నాకు మనసొప్పలేదు.

దారిలో ఓక్లహోమా రాష్ట్రంలోని బాయ్స్ సిటీ అనే ఊరు వచ్చింది. 1935 ఏప్రిల్ 14న ఈ ఊళ్ల మీదికి నల్లటి దుమ్ము గోడలా లేచొచ్చి, పట్టపగలే చీకటి చేసింది. గోధుమకు ధర ఉందని అంతకుముందు ఏళ్లలో గడ్డినంతా దున్నేశారు. వానలు మొహం చాటేశాక, పట్టి ఉంచే వేరు లేక మట్టి గాలికి లేచిపోయింది. నేల సంరక్షణకు ఒక శాఖ పెడుతూ అమెరికా చట్టం చేసింది ఆ నెలలోనే. ఎల్క్‌హార్ట్ పక్కన లక్ష ఎకరాలకు పైగా ఉన్న సిమరాన్ గడ్డిభూమి కూడా అలా పాడైన పొలాలను సర్కారు కొని గడ్డి పెంచిందే.

పెద్దాయన మమ్మల్ని కంచె దగ్గరే ఆపేశారు. జూన్ నెల. ఏప్రిల్ 15 నుంచి జూలై 15 వరకు పిట్టలు గుడ్లు పెట్టే కాలమట. ఆ మూడు నెలలూ అందులో గడ్డి కోయకూడదు, పశువులను తోలకూడదు. ఎక్కడో లోపల మెడోలార్క్ పిట్ట కూస్తోంది. బ్లూస్టెమ్, గ్రామా గడ్డి మోకాలెత్తు పెరిగింది.

"పంటేమీ లేదే?" అన్నాడు నాన్న.

చెప్పాను. కన్సర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్, వాళ్ల నోట్లో సీఆర్‌పీ, 1985 చట్టంతో వచ్చింది. మట్టి కోతకు గురయ్యే పొలాన్ని పదేళ్లో పదిహేనేళ్లో దున్నకుండా గడ్డికి వదిలేస్తానని రైతు ఒప్పందం రాస్తాడు. ఆ నేల సారాన్ని, ఆ కౌంటీలో (మన జిల్లా లాంటిది) నడిచే కౌలును బట్టి ఏటా అక్టోబరులో డబ్బు పడుతుంది. గడ్డి వేసే ఖర్చులోనూ సగం దాకా సర్కారు భరిస్తుంది.

"బీడు పెడితే దుడ్లిస్తారా!" అని, కాసేపాగి తనే సర్దుకున్నాడు. "బీడు గాదులే. సర్కారే కౌలుకు తీసుకునింది."

నేను వెతికినా అంత సరైన మాట దొరికేది కాదు. మన పీఎం కిసాన్ ఏడాదికి ఇచ్చే 6,000 రూపాయలు రైతుకు ఆసరా. ఇది నేలకు విశ్రాంతి కొనే డబ్బు. అయితే ఒప్పందం తీరితే విశ్రాంతీ తీరినట్టే. 2007లో సీఆర్‌పీ కింద 3 కోట్ల 68 లక్షల ఎకరాలుండేవి. ఆ తర్వాత మొక్కజొన్న, గోధుమ ధరలు పెరిగేసరికి లక్షల ఎకరాల గడ్డి మళ్లీ నాగలి కిందికి పోయింది. ఇన్నేళ్లు డబ్బు పోసి నిలబెట్టిన వేళ్లను ఒక్క వారంలో తిరగేయడం నాకు ఘోరంగా అనిపిస్తుంది. శాశ్వతంగా గడ్డికే వదిలేసేవాళ్లకు ఇంకా ఎక్కువ ఇవ్వాలి.

పెద్దాయన ఇంకో సంగతి చెప్పారు. ఒక కౌంటీలో సాగుభూమి పాతిక శాతానికి మించి ఇందులోకి మామూలుగా తీసుకోరు. పొలాలన్నీ గడ్డికి పోతే విత్తనాల కొట్టు, ట్రాక్టర్ల షెడ్డు, ధాన్యం గోదాం మూతపడతాయి కదా. ఆయన పొలం అంతకుముందు వేరే ఆయన కౌలుకు చేసేవాడట.

తిరుగు దారిలో నాన్న చాలాసేపు మాట్లాడలేదు. అమరిల్లో దీపాలు కనబడ్డాక అడిగాడు:

"ఆ కౌలుకు చేసినాయప్ప యాడికి పోయినాడంట?"

మర్నాడు ఫోన్ చేసి కనుక్కున్నాను. లిబరల్ అనే ఊళ్లో మాంసం ఫ్యాక్టరీ పనికి కుదిరాడట. నాన్నకు అదే చెప్పాను.