బొచ్చు కింద చేతికి తెలిసేవి: విజయవాడలో మా స్పిట్జ్‌తో మొదటి ఏడాది

తెల్లని బొచ్చు, నక్కను పోలిన కోల ముఖం, వీపు మీదికి చుట్టుకున్న కుచ్చుతోక ఉన్న కుక్క ఎదురైతే మన వైపు అందరూ దానిని పొమేరియన్ అనే అనుకుంటారు. మేము కూడా పొమేరియన్ పిల్ల కోసమే వెతకడం ప్రారంభించాము. విచారించిన కొద్దీ తెలిసినదేమిటంటే, 1980లు, 90లలో మన మధ్యతరగతి ఇళ్ళలో విరివిగా పెరిగినవి చాలావరకు ఇండియన్ స్పిట్జ్ కుక్కలు. బ్రిటిష్ వారి కాలంలో ఇక్కడికి వచ్చిన స్పిట్జ్ జాతి తరతరాలుగా మన వాతావరణంలో పెరిగి, మన ఎండలకు కొంతవరకు అలవాటు పడి ఏర్పడిన రకం ఇది. పొమేరియన్ జాతి ప్రమాణం ప్రకారం ఎదిగిన కుక్క బరువు సుమారు రెండు మూడు కిలోలు ఉంటే, చిన్న రకం స్పిట్జ్ ఐదు నుంచి ఏడు కిలోల వరకు తూగుతుంది. పెద్ద రకం పన్నెండు కిలోలకు పైనే ఉంటుంది. విజయవాడలో అపార్టుమెంటు పై అంతస్తులో, మే నెల ఎండలో బతకవలసిన ప్రాణి కనుక మేము చిన్న రకం స్పిట్జ్‌నే ఎంచుకున్నాము.

పిల్లను దుకాణంలో కొనకూడదని మా వారూ నేనూ ముందే అనుకున్నాము. తల్లిని చూడకుండా పిల్లను తెచ్చుకుంటే దాని స్వభావం గురించి ఏమీ తెలియదు. తెలిసినవారి ఇంట్లో స్పిట్జ్ ఈనిందని విని వెళ్ళినప్పుడు, తల్లి కుక్క మమ్మల్ని చూసి గట్టిగా మొరిగి, యజమానురాలు పేరు పెట్టి పిలిచిన వెంటనే ఆగి, మెల్లగా వచ్చి మా పాదాలు వాసన చూసి, మళ్ళీ పిల్లల దగ్గరకు వెళ్ళి పడుకుంది. పరాయివారిని గమనించి హెచ్చరించడం, తనవారి మాట విని నెమ్మదించడం అనే రెండు గుణాలు ఉన్న తల్లి కనుక నాకు ఎంతో ధైర్యం కలిగింది. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. డబ్బు తీసుకోకపోయినా ఆ ఇంటివారు ఆ నియమాన్ని పాటించి, పిల్ల తల్లి దగ్గర, తోడబుట్టిన పిల్లలతో తగినన్నాళ్ళు ఆడుకున్న తరువాతే మాకు ఇచ్చారు. ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివారికి నొప్పి కలుగుతుందో కుక్కపిల్ల నేర్చుకునేది ఆ వారాలలోనే. ఇంటికి వచ్చిన రోజే మా అత్తయ్య గారు దానికి మల్లి అని పేరు పెట్టారు.

మొదటి టీకాకు తీసుకువెళ్ళినప్పుడు డాక్టరు గారు చెప్పిన మాట ఆ తరువాత మేము చేసిన ప్రతి పనికీ ఆధారమైంది. "అమ్మా, ఈ కుక్క ఒంటి మీద ఏం జరుగుతున్నా మీ కంటికి కనిపించదు. చిక్కినా, లావెక్కినా, గోమార్లు పట్టినా, పుండు పడినా బొచ్చు కప్పేస్తుంది. రోజూ చేత్తో తడిమి చూసుకోవాలి. అంతకంటే ముందు, తడిమితే ఊరుకోవడం దానికి నేర్పాలి" అన్నారాయన. టీకాలు, కడుపులో పురుగులకు మందు, మూడు నెలలు నిండిన తరువాత రేబిస్ టీకా వంటివన్నీ ఆయన కార్డులో రాసిన ప్రకారం సాగిపోయాయి. తడమనివ్వడం నేర్పే పని మాత్రం మా చేతిలో ఉన్నది. అది ఓపికతో కూడిన పని.

స్పిట్జ్‌ను చూడగానే ఎత్తుకుని ముద్దు చేయాలనిపిస్తుంది. కాని చాలా స్పిట్జ్‌లకు ఉన్నట్టుండి పైనుంచి చేతులు వచ్చి పట్టుకోవడం నచ్చదు. అందుచేత ఉడికించిన కోడిమాంసాన్ని కందిగింజంత ముక్కలుగా చేసి, ముందు భుజం మీద చేయి వేసి ఒక ముక్క, తరువాత చెవి పట్టుకుని ఒక ముక్క, ఆ తరువాత పెదవి ఎత్తి పళ్ళు చూసి ఒక ముక్క పెడుతూ వచ్చాను. పాదాలు చివరికి ఉంచుకున్నాను. కాలి వేళ్ళ మధ్య నా వేలు పెట్టినప్పుడు మల్లి పాదాన్ని మెల్లగా వెనక్కి లాక్కునేది, చెవులు వెనక్కి వాల్చేది, ఆకలి లేకపోయినా మూతి నాకుకునేది, తల తిప్పకుండా కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూసేది. ఇవన్నీ ఇక చాలని అది చెప్పే మాటలు. అక్కడ చేయి తీసేస్తే గుర్రుమనవలసిన అవసరం దానికి కలగదు. ఇంటికి వచ్చే పిల్లలకు కూడా దానిని వెనక నుంచి ఎత్తుకోవద్దనీ, అది నిద్రపోతున్నప్పుడు, తింటున్నప్పుడు తాకవద్దనీ, దగ్గరకు రావాలా వద్దా అనేది దానికే వదలమనీ ప్రతిసారీ చెబుతూ వచ్చాము. కొద్ది వారాలు గడిచేసరికి నేను చాప పరిచి కూర్చుంటే, మల్లి తనంతట తాను వచ్చి పక్కకు ఒరిగి పడుకునేది.

ఈ జాతి స్వభావం గురించి నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. ఇది ఒడిలో కూర్చునే బొమ్మ కాదు. ఇంటిని కనిపెట్టుకుని ఉండే కుక్క, బొచ్చు వల్ల బొమ్మలా కనిపిస్తుంది. మల్లి ఎప్పుడూ మనిషికి రెండు బారల దూరంలో, వీధి తలుపు కనిపించే చోటనే పడుకుంటుంది. అందరితో ఆడుతుంది గాని ఒక్క మనిషిని తనదిగా ఎంచుకుంటుంది. మా ఇంట్లో అది ఎంచుకున్నది అన్నం పెట్టే నన్ను కాదు, కుక్క పూజగది వైపు రాకూడదని మొదట షరతు పెట్టిన అత్తయ్య గారిని. ఆవిడ పూజ చేసుకున్నంతసేపూ గడపకు ఇవతల, ముందుకాళ్ళు గడపను తాకకుండా పడుకుని ఎదురుచూస్తుంది. ఆవిడ లేచి "రావే మల్లీ" అన్నాకే కదులుతుంది.

మొరగడం ఈ స్వభావంలో భాగమే కనుక దానిని పూర్తిగా మాన్పించాలని మేము అనుకోలేదు. కాని అపార్టుమెంటులో లిఫ్టు తలుపు తెరుచుకున్న ప్రతిసారీ మొరిగితే ఇరుగుపొరుగు వారికి ఇబ్బంది. పెంపుడు కుక్కలను అపార్టుమెంటు సంఘాలు నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా ఆ కాగితం చూపించి పక్కింటివారితో సఖ్యంగా బతకలేము. గంట మోగినప్పుడు రెండుసార్లు మొరగనిచ్చి, "చాలు" అని మామూలు గొంతుతో చెప్పి, తలుపుకు దూరంగా ఉన్న దాని చాప దగ్గరకు పిలిచి, అక్కడికి వచ్చాక ముక్క పెట్టడం మొదలుపెట్టాము. మనం కూడా అరిస్తే అది మనం తోడు మొరుగుతున్నామనుకుంటుందని డాక్టరు గారు చెప్పారు, కనుక ఇంట్లో ఎవరూ గొంతు పెంచకూడదని నిర్ణయించుకున్నాము. బాల్కనీ కమ్మీలకు కింది భాగంలో గుడ్డ కట్టడంతో వీధికుక్కలను చూసి మొరగడం చాలావరకు తగ్గింది.

తిండి విషయం త్వరగా చెప్పి ముగిస్తాను. మన ఇళ్ళలో కుక్కకు పెరుగన్నం కలిపి పెట్టడం ఆనవాయితీ. కాని ఎదిగే పిల్లకు అందులో మాంసకృత్తులు చాలవు. మేము ఒక పూట కుక్కపిల్లల మేత, ఒక పూట ఉడికించిన కోడిమాంసం లేదా గుడ్డు, కొద్దిగా అన్నం, క్యారెట్టు పెట్టాము. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్టు కుక్కలకు విషమని చాలామందికి తెలిసినా, ఎండుద్రాక్ష కూడా వాటి మూత్రపిండాలను దెబ్బతీస్తుందని తెలిసినవారు తక్కువ. పండుగనాడు పరమాన్నం గిన్నె అడుగు కుక్కకు పెట్టే అలవాటు ఉన్నవారు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి. బరువు సంగతి చేతికే తెలుస్తుంది. బొచ్చులోకి వేళ్ళు పోనిచ్చి పక్కటెముకలు తడిమితే, నొక్కకుండానే ఒక్కొక్కటీ వేళ్ళకు తగలాలి, అలాగని మొనదేలి ఉండకూడదు. స్పిట్జ్‌లకు, పొమేరియన్లకు మోకాటి చిప్ప పక్కకు జారే సమస్య, శ్వాసనాళం మెత్తబడి దగ్గు వచ్చే సమస్య ఉండే అవకాశం ఉంది. బరువు పెరిగితే ఆ రెండూ ఎక్కువవుతాయి. మెడ పట్టీకి గొలుసు కట్టి లాగకుండా ఛాతీ చుట్టూ వేసే బెల్టు వాడడానికి కారణం కూడా ఆ శ్వాసనాళం సమస్యే.

బొచ్చు పని నాకు ఎక్కువ సమయం తీసుకుంది, ఎక్కువ సంతోషాన్నీ ఇచ్చింది. ఈ కుక్కకు రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైన పొడవైన, కాస్త బిరుసైన వెంట్రుకలు, కింద దూదిలాంటి మెత్తటి పొర. పైపైన దువ్వితే పై పొర నున్నగా మెరుస్తుంది గాని కింది పొర చర్మానికి అంటుకుని జడలు కడుతుంది. చెవుల వెనక, చంకల్లో, తొడల వెనక ఇది ముందుగా జరుగుతుంది. అందుచేత ఎడమచేత్తో బొచ్చును పైకి పట్టి చర్మం కనిపించేలా పాపిడి తీసి, కొద్దిగా నీళ్ళు చిలకరించి, పాపిడి నుంచి బయటికి పొరపొరగా దువ్వాలి. కడుపు దగ్గర మొదలుపెట్టి వీపు వరకు వస్తాను. స్నానానికి ముందు తప్పనిసరిగా దువ్వాలి, ఎందుకంటే తడిసిన చిక్కు మరింత బిగుసుకుపోతుంది. నెలకు ఒక స్నానం చాలు, కుక్కల షాంపూతోనే చేయించాలి. ఆ తరువాత చర్మం వరకు ఆరేదాకా తువ్వాలుతో అద్ది, గోరువెచ్చని గాలితో ఆరబెట్టాలి. తేమ నిలిచిపోతే చర్మం కమిలి పుళ్ళు పడతాయి.

ఎండాకాలం వచ్చేసరికి మాకు ఎదురైన మొదటి ప్రశ్న గుండు చేయించాలా వద్దా అన్నది. బంధువులు, ఇరుగుపొరుగు వారు, కుక్కలకు క్షౌరం చేసే దుకాణం వారు కూడా మెషిన్ పెట్టి తీయించేయమన్నారు. డాక్టరు గారు ఒప్పుకోలేదు. కుక్కలకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, పాదాల అడుగున కొద్దిగా పడుతుంది, వేడిని బయటికి పంపేది ముఖ్యంగా రొప్పడం ద్వారానే. దువ్వి శుభ్రంగా ఉంచిన బొచ్చు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా ఆపుతుంది. పైగా రెండు పొరల బొచ్చును మొదలంటా తీసేస్తే కొన్ని కుక్కలకు నెలల తరబడి తిరిగి సరిగా మొలవదు. ఆయన చెప్పిన ప్రకారం రాలిపోయిన కింది పొరను దువ్వెనతో తీసేయడం, పాదాల అడుగున, మలద్వారం చుట్టూ మాత్రం కత్తెరతో కత్తిరించడం చేశాము. ఆ రోజుల్లో ఒక్కసారి దువ్వితే ఒడినిండా తెల్లటి దూది వచ్చేది.

ఇక నడక వేళలు పూర్తిగా మారాయి. తెల్లవారకముందు ఒకసారి, రాత్రి తారురోడ్డు చల్లారాక ఒకసారి. అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఆనించి కాసేపు ఉంచలేకపోతే కుక్క పాదాలకూ అది కాలుతుంది. విజయవాడ వేడిలో ఉక్కపోత కూడా కలిసి ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే రొప్పినా ఒళ్ళు త్వరగా చల్లబడదు కనుక పాదరసం ఎంత చూపిస్తోందన్నది ఒక్కటే చూస్తే చాలదు. మల్లి నాలుక వెడల్పై ముదురు ఎరుపుకు తిరిగి, లాలాజలం చిక్కబడి తాళ్ళుగా కారితే వెంటనే ఆటలు ఆపి, కడుపు, తొడల లోపలి భాగం, పాదాలు చర్మం తడిసేలా మామూలు నీళ్ళతో తడిపి ఫ్యాను కింద పడుకోబెట్టేవాళ్ళం. తడి తువ్వాలును వీపు మీద కప్పి వదిలేస్తే అది వేడిని లోపలే ఆపుతుంది. కుక్క తూలినా, వాంతి చేసుకున్నా, పిలిస్తే పలకకపోయినా అది వడదెబ్బ. నీళ్ళతో చల్లబరుస్తూనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

వానలతో పాటు గోమార్లు వచ్చాయి. రోజూ తడిమే అలవాటు మమ్మల్ని కాపాడింది ఇక్కడే. ఒక సాయంత్రం చెవి మడత కింద కందిపప్పు బద్దంత గట్టి పొక్కు ఒకటి వేలికి తగిలింది. బొచ్చు పాయ తీసి చూస్తే బూడిదరంగులో ఉబ్బిన గోమారి. చర్మానికి ఆనించి పట్టకారుతో పట్టి, నలపకుండా నిటారుగా లాగి తీసి, ఆ తరువాత ఒళ్ళంతా వెతికాము. కొన్నాళ్ళకు మల్లి తిండి దగ్గరకు వచ్చి వాసన చూసి వెళ్ళిపోవడం, అత్తయ్య గారు పిలిచినా లేవకపోవడం మొదలైంది. పెదవి ఎత్తి చూస్తే ఎప్పుడూ లేత గులాబీ రంగులో ఉండే చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా తగ్గి, ఎర్లికియా అనే గోమారి జ్వరం అని తేలింది. గోమారి కరిచినప్పుడు రక్తంలోకి చేరే సూక్ష్మజీవి వల్ల వచ్చే ఈ జబ్బుకు డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వేయాలి. రెండు మూడు రోజుల్లోనే కుక్క హుషారుగా తిరిగినా మందు మధ్యలో ఆపకూడదు. ఖాళీ కడుపున మాత్ర వేస్తే వాంతి అయ్యేది కనుక గుడ్డు ముక్కలో పెట్టి ఇచ్చి, వెంటనే కాసిని నీళ్ళు తాగించాము. అప్పటినుంచి నెలనెలా గోమార్ల నివారణ మందు తప్పకుండా వేస్తున్నాము, గోడ పగుళ్ళలో, మంచం కింద, చాప మడతల్లో కూడా శుభ్రం చేస్తున్నాము, ఎందుకంటే ఈ గోమార్లు గుడ్లు పెట్టేది కుక్క మీద కాదు, అక్కడే.

దీపావళికి లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యాను, టీవీ పెట్టి, అత్తయ్య గారు మంచం పక్కన నేల మీద కూర్చున్నారు. అది భయపడినప్పుడు దగ్గరకు తీసుకుంటే భయం ఇంకా పెరుగుతుందని కొందరంటారు. అది నిజం కాదు. మల్లి ఆవిడ చీర కుచ్చిళ్ళలో తల పెట్టుకుని, బయటి శబ్దాలు తగ్గేదాకా అలాగే ఉండి, తరువాత లేచి నీళ్ళు తాగింది.

గోమారి జ్వరం పూర్తిగా తగ్గి, రక్తపరీక్ష మామూలుగా వచ్చిన తరువాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాము. చేయించని ఆడకుక్కలకు వయసు పెరిగే కొద్దీ గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉండడమే కారణం. ఊడకుండా మిగిలిపోయిన రెండు పాలకోరలను కూడా అదే మత్తులో డాక్టరు గారు తీసేశారు. చిన్న కుక్కలలో ఇవి తరచుగా మిగిలిపోయి, పక్కపళ్ళ మధ్య తిండి ఇరుక్కుని గార పడుతుందట. ఆపరేషన్ తరువాత తిండి అవసరం కాస్త తగ్గుతుందని ఆయన చెప్పారు కనుక కొలత తగ్గించాము. ఇప్పుడు రాత్రిపూట కుక్కల పేస్టుతో, మెత్తని కుచ్చు బ్రష్షుతో మల్లికి పళ్ళు తోమడం నేర్పుతున్నాను. పైవరుస పళ్ళు తోమనిస్తోంది. కిందివరుసకు ఇంకా కొంతకాలం కోడిమాంసం ముక్కలు ఖర్చు పెట్టాలి.